సింధునదీ ప్రసాదము: వరదలు, పూర్వుల సేద్యము



ప్రతిదినము స్నానము చేయునపుడు, పూజకు కలశము నింపుకొనునపుడు మనము ఏడు నదులను పేరుపేరునా పిలుస్తాము. గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధువు, కావేరి అనే ఏడుగురు తల్లులు వచ్చి మన చెంబెడు నీటిలో కొలువుండవలెనని కోరుకుంటాము. గోదావరి మన ఇంటి నది. గంగాయమునలను కాశీప్రయాగలకు వెళ్ళినవారు కన్నులారా చూసినారు. కాని ఆరవ పేరుగా పలికే సింధువును మనలో చూసినవారు బహు అరుదు. చూడని నదిని తరతరములుగా పిలుస్తూనే ఉన్నాము. ఆ నది మన పూర్వులకు ఏమి ఇచ్చినది? ఎట్లు ఇచ్చినది? ఈ ప్రసంగములో ఆ సంగతిని ఆలోచింపదలచినాము.

ఇందుకు ఒక కారణమున్నది. కొంతకాలము క్రిందట ఒక ప్రసంగము ముగిసిన తరువాత ఒక వృద్ధురాలు మా వద్దకు వచ్చినారు. ఆ ఏడు వచ్చిన వరదలో ఆమె ఇల్లు నడుములోతు నీట మునిగినదట. “నదిని తల్లి అన్నారు కదయ్యా! తల్లి బిడ్డ కొంపను ముంచుతుందా?” అని అడిగినారు. అప్పటికి నాలుగు ఓదార్పు మాటలు చెప్పి పంపినాము. కాని ఆమె అడిగినది ఓదార్పు కాదు, సమాధానము. ఆ వెలితి మా మనస్సులో మిగిలిపోయినది. ఆ సమాధానమును వెదకుతూ పోగా, అది మాకు సింధునది ఒడ్డున దొరికినది.

వర్షము లేని చోట మహానగరములు

1921లో దయారాం సాహ్ని గారు రావీనది తీరమున హరప్పాలో త్రవ్వకములు ప్రారంభించినారు. మరుసటి ఏడు రాఖల్‌దాస్ బెనర్జీ గారు సింధుదేశములోని మొహెంజొదారోలో త్రవ్వించినారు. ఈ రెండును ఒకే ప్రాచీన నాగరికతకు చెందిన నగరములని 1924లో జాన్ మార్షల్ లోకమునకు ప్రకటించినాడు. ఈ నగరములు క్రీ.పూ. 2600 మొదలు క్రీ.పూ. 1900 వరకు, అనగా దాదాపు ఏడువందల సంవత్సరములు నిండుగా వర్ధిల్లినవి. తిన్నని వీధులు, కాల్చిన ఇటుకల ఇండ్లు, కప్పు వేసిన మురుగుకాలువలు, ఇంటింటికి చేరువగా బావులు అక్కడ బయల్పడినవి. వారి లిపిని ఇంతవరకు ఎవరును నిర్వివాదముగా చదువలేదు. కావున వారి మాటలను వినలేము గాని, వారి పొలములను, గింజలను, మట్టిని చూడగలము.

ఇక్కడ ఒక సందేహము కలుగక మానదు. మొహెంజొదారో ఉన్న ఉత్తర సింధు ప్రాంతములో ఏడాది పొడుగునా కురిసే వర్షము సగటున 200 మిల్లీమీటర్లకు లోపే. మన కోనసీమలో అది 1000 మిల్లీమీటర్లు దాటుతుంది. చుట్టును ఎడారి, నడినెత్తిన మండే సూర్యుడు. అటువంటి చోట వేలాది జనులున్న నగరమునకు అన్నము ఎక్కడినుండి వచ్చినది? సేద్యము చేయనవసరము లేని శిల్పులు, కుమ్మరులు, పూసలు చేసేవారు, వర్తకులు ఏమి తిని బ్రతికినారు? ఆకాశము ఇవ్వని నీటిని అక్కడ నది ఇచ్చినది. అదియును కాలువల ద్వారా కాదు, వరద ద్వారా ఇచ్చినది.

వరద చేసే పని

సింధునది కైలాస మానససరోవర ప్రాంతమున పుట్టి, లదాఖ్ కొండల నడుమ ప్రవహించి, మైదానములో పంజాబు నదులను కలుపుకొని, మూడువేల కిలోమీటర్లకు పైబడి ప్రయాణము చేసి పశ్చిమ సముద్రమును చేరుతుంది. ఈ నదికి ఏటేటా రెండు విధములుగా నీరు వచ్చి చేరుతుంది. వసంతము గడచి ఎండలు ముదిరేసరికి హిమాలయములలోని మంచు కరిగి నది మెల్లమెల్లగా పొంగుతుంది. ఆపై నైరుతి ఋతుపవనముల వానలు తోడవుతాయి. శ్రావణ భాద్రపదములలో నది నిండుగర్భిణి వలె ఉంటుంది.

సింధుదేశములో నేల వాలు చాల తక్కువ. నది తాను తెచ్చిన మట్టిని తన గర్భములోను గట్లమీదను వేసుకుంటూ రావడముచేత, చుట్టుప్రక్కల పల్లముకంటె నది ఒకింత ఎత్తున ప్రవహిస్తుంది. పొంగినపుడు గట్టు దాటి ఇరువైపులా పల్లములలోనికి పరచుకుంటుంది. గట్టు దాటిన నీటికి వేగము తగ్గుతుంది. వేగము తగ్గిన నీరు మోయుచున్న బరువును దింపుతుంది. ముందుగా ముతక ఇసుక గట్టునకు చేరువలోనే పడుతుంది, తరువాత మెత్తని ఒండ్రు దిగుతుంది, చిట్టచివర మడుగులలో జిగట బంకమన్ను కూర్చుంటుంది. హిమాలయ శిలలు అరిగి నుసియైన ఆ ఒండ్రే పొలమునకు ఎరువు.

వరద చేసే రెండవ పని, నేలను లోతుగా తడపడము. వారములకొలది నిలిచిన నీరు అడుగుకు ఇంకి, పైనేల ఆరిన తరువాత కూడ వేళ్ళకు అందుతూ ఉంటుంది. మూడవ పని, కడగడము. ఎండ తీవ్రమైన దేశములలో నీరు ఆవిరియై ఉప్పు నేలపై తేలి, పొలము చౌడు బారుతుంది. ఏటేటా వచ్చే వరద ఆ ఉప్పును కడిగివేస్తుంది. ఎరువు వేసి, తడిపెట్టి, చౌడు కడిగి, నాలుగు నెలలు నేలకు విశ్రాంతి ఇచ్చి, పిమ్మట పొలమును రైతు చేతికి అప్పగించే పనివాడు మరొకడు ఎవరున్నారు?

నెలల క్రమము

మన తెలుగునాట జ్యేష్ఠ పూర్ణిమనాడు ఏరువాక సాగుతుంది. తొలకరి పడగానే అరక కట్టి, ముందు రానున్న వానలను నమ్మి విత్తనము వేస్తాము. సింధుతీరమున ముఖ్యమైన పంటకు ఈ క్రమము తలక్రిందులుగా ఉంటుంది. అక్కడి రైతు ముందు రానున్న నీటిని కాక, వచ్చి వెళ్ళిన నీటిని నమ్మి విత్తుతాడు.

ఆశ్వయుజములో వరద తీస్తుంది. కార్తికమున నేల కాలు నిలిచేంత గట్టిపడుతుంది. అప్పుడు గోధుమలు, యవలు విత్తుతారు. నేడు మనము బార్లీ అని పిలిచేది ఈ యవలనే. వీటితోపాటు శనగ, బఠాణీ, ఆవాలు వేస్తారు. చలికాలమంతయు ఆ పైరు నేలలో దాగిన తేమతోనే పెరుగుతుంది. ఫాల్గుణ చైత్రములలో కోతలు కోసి, నూర్చి, గింజను ఊరికి చేరుస్తారు. పొలము ఖాళీ అయిన తరువాతనే, వైశాఖ జ్యేష్ఠములలో, నది మరల పొంగనారంభిస్తుంది. నది వచ్చే వేళకు పైరు లేదు, పైరు ఉన్న వేళకు నది రాదు. ఈ ఏర్పాటులోని సొగసును భక్తులు ఒక్క క్షణము నిలిచి తలపోయవలెను.

వేసవిలోను వారు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ప్రత్తి, నువ్వులు వంటి పంటలను వరద తొలిరోజులలో వేసి, చుట్టును చిన్న మట్టిగట్లు పోసి, తగినంత నీటిని మాత్రము లోపల నిలుపుకొని పండించి ఉండవచ్చునని పండితుల ఊహ. మొహెంజొదారోలో ఒక వెండిపాత్రకు అంటుకొని నూలుగుడ్డ ముక్క దొరికినది. బెలూచిస్తానములోని మెహర్‌ఘఢ్‌లో ఒక రాగిపూస లోపల సుమారు 7,000 ఏళ్ళకు పూర్వపు ప్రత్తి పోగులు కనబడినవి. నేడు మనము దైవమునకు వెలిగించే ప్రత్తివత్తి చరిత్ర అంత దూరము వెళ్ళుతుంది.

బ్రిటిషువారి కాలములో సింధులో చిరకాలము అధికారిగా పనిచేసిన ల్యాంబ్రిక్ అనే పండితుడు, తాను అక్కడ చూచిన సేద్యమును ఆధారముగా చేసుకొని, 1964లో ఒక గ్రంథము ప్రకటించినాడు. వరద తీసిన నేలలో గోధుమ, బార్లీ పంటలకు లోతైన దున్నకముగాని, వేరే ఎరువుగాని, మరల తడిపెట్టడముగాని అక్కరలేదని అతని అభిప్రాయము. అక్కడివారు ఈ సేద్యమును ‘సైలాబా’ అంటారు. సైలాబు అనగా వరద. వరద పేరునే వ్యవసాయమునకు పెట్టుకున్నారన్నమాట!

ఈ మాట మన గోదావరి లంకలలోని రైతుకు క్రొత్త కాదు. ఎర్రనీరు వచ్చి, లంకను ముంచి, తీసిన తరువాత మిగిలే ఒండ్రులో అరటి, కూరగాయలు, లంక పొగాకు ఎట్లు పండుతాయో అతనికి తెలుసు. 1852లో ధవళేశ్వరమున ఆనకట్ట పూర్తియైన తరువాత డెల్టా అంతయు కాలువల క్రిందికి వచ్చినది గాని, లంకలు మాత్రము నేటికిని వరద చేతిలోనే ఉన్నవి. సింధురైతు కష్టసుఖములను ఊహించుకొనుటకు మనకు లంకరైతు ఉన్నాడు.

నాగటి చాలు చెప్పే సాక్ష్యము

రాజస్థానములోని కాళీబంగన్‌లో 1960 తరువాత బి.బి. లాల్, బి.కె. థాపర్ గారలు త్రవ్వకములు జరిపినపుడు ఒక అపురూపమైన వస్తువు బయటపడినది. అది బంగారము కాదు, విగ్రహము కాదు. దున్నిన పొలము! క్రీ.పూ. 2800 ప్రాంతమునాటి నాగటి చాళ్ళు మట్టిక్రింద చెక్కుచెదరక నిలిచి ఉన్నవి. ఒక వరుస చాళ్ళు 30 సెంటీమీటర్ల ఎడముతో తూర్పుపడమరలుగాను, మరియొక వరుస 190 సెంటీమీటర్ల ఎడముతో ఉత్తరదక్షిణములుగాను ఉన్నవి. త్రవ్వకములు జరిగిన కాలములో ఆ చుట్టుప్రక్కల రైతులు సరిగ్గా ఇట్లే అడ్డముగాను నిలువుగాను దున్ని, దగ్గరి చాళ్ళలో పప్పుధాన్యమును, దూరపు చాళ్ళలో ఆవాలను వేయుచుండిరి. ఎత్తుగా ఎదిగే ఆవచెట్ల నీడ పప్పుపైరుపై పడకుండునట్లు చేసిన ఉపాయమిది. రాజ్యములు పోయినవి, భాషలు మారినవి, నాగటి చాలు మాత్రము నాలుగువేల ఏళ్ళు మారలేదు.

హర్యానాలోని బనావలిలో మట్టితో చేసిన నాగలి బొమ్మ దొరికినది. మూపురముగల వృషభము వారి ముద్రికలపై గంభీరముగా నిలిచి ఉన్నది. మన ఒంగోలు గిత్త ఈ మూపురపు పశుజాతికి చెందినదే. నందీశ్వరునికి నమస్కరించు మనకు ఆ ముద్రిక పరాయిదిగా తోచదు.

ఎత్తున ఊరు, పల్లమున పొలము

ఇంతవరకు వరద మేలునే చెప్పినాము. వరద కీడును వారు ఎరుగరా? బాగుగా ఎరుగుదురు. నది ఒక్కొక్క ఏడు చాలినంత రాదు, ఒక్కొక్క ఏడు హద్దు మీరి వస్తుంది, ఒక్కొక్కసారి దారినే మార్చుకుంటుంది. నేడు సింధునది మొహెంజొదారోకు కొన్ని కిలోమీటర్ల తూర్పుగా ప్రవహిస్తున్నది. మరి వారు ఏమి చేసినారు?

నదిని కట్టివేయలేదు. తాము ఎత్తుకు ఎక్కినారు. మొహెంజొదారోలో ముందుగా పచ్చి ఇటుకలతోను మట్టితోను బ్రహ్మాండమైన అరుగులు కట్టి, వాటిపై ఇండ్లు నిర్మించినారు. ఇల్లు పాతబడినపుడు ఆ శిథిలము మీదనే మరల కట్టుకుంటూ ఇంకను ఎత్తుకు పోయినారు. త్రాగునీటికి నదిని నమ్ముకొనక, కాల్చిన ఇటుకలతో గుండ్రని బావులు కట్టినారు. ఆ ఒక్క నగరములో 700 వరకు బావులు ఉండి ఉండవచ్చునని పరిశోధకుల అంచనా. పల్లమును నదికిని పైరుకును వదలినారు. ఎత్తును తమకు ఉంచుకున్నారు. నది స్థలము నదిది, మనిషి స్థలము మనిషిది. ఈ హద్దును ఎరుగుటయే వారి విజ్ఞానము.

అన్ని చోట్ల ఉపాయము ఒకటే కాదు. కచ్ఛదేశపు ధోలావీరలో పెద్దనది లేదు. మన్‌సర్, మన్‌హర్ అనే రెండు వానవాగులు మాత్రము ఊరికి ఇరువైపులా ఉన్నవి. 1990 నుండి ఆర్.ఎస్. బిష్ట్ గారు జరిపిన త్రవ్వకములలో, ఆ వాగులకు అడ్డుకట్టలు వేసి, ఊరిచుట్టును రాతిలో తొలిచి కట్టిన జలాశయములలోనికి నీటిని మళ్ళించిన విధానము బయల్పడినది. 2021లో యునెస్కో ఆ స్థలమును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది. పెద్దనది ఉన్నచోట దానికి దారి ఇచ్చినారు, చిన్నవాగు ఉన్నచోట చుక్కచుక్కను దాచినారు. నీటి స్వభావమును చూచి నడచుకున్నారే గాని, తమ స్వభావమును నీటిపై రుద్దలేదు.

సరస్వతీ తీరము

సింధువును గూర్చి చెప్పి సరస్వతిని గూర్చి చెప్పకున్న భక్తులు ఊరకుండరు. ఋగ్వేదము పదవ మండలములోని నదీసూక్తము సరస్వతిని యమునకును శుతుద్రికిని, అనగా నేటి సట్లెజ్‌కును, నడుమ చెప్పినది. నేడు ఆ నడుమ వానకాలములో మాత్రమే ప్రవహించే ఘగ్గర్ నది ఉన్నది. దాని తీరమునను, పాత పాయల వెంటను కాళీబంగన్, బనావలి మొదలైన సింధునాగరికతా స్థలములు అనేకము బయల్పడినవి. ఈ ఘగ్గరే ప్రాచీన సరస్వతి అని పలువురు పండితుల అభిప్రాయము.

భూగర్భ శాస్త్రజ్ఞులు అక్కడి ఇసుకను పరీక్షించినారు. నగరములు వెలసే కాలమునకు ఎంతో ముందే సట్లెజ్ ఆ దారిని విడిచినదని 2017లో ఒక బృందము ప్రకటించినది. సుమారు 4,500 ఏళ్ళ క్రిందటి వరకు అచ్చట ఏడాది పొడుగునా నీరు పారినదని 2019లో మరియొక బృందము ప్రకటించినది. వాదము సాగుతూనే ఉన్నది. భక్తికి ఈ వాదమువలన కలిగే లోపమేమియు లేదు. మాకు మాత్రము ఒక్క విషయము ఆశ్చర్యముగా తోచినది. మొదటి బృందము చెప్పినట్లే అయినచో, మహోధృతమైన హిమనది విడిచిపోయిన విశాలమైన లోయలో, మెత్తని ఒండ్రుపై, శాంతించిన వాననీటి వరదలను నమ్ముకొని ఆ ఊళ్ళు వర్ధిల్లినవి. పంటకు కావలసినది నది బలము కాదు, నది నియమము.

వరద నియమము తప్పిన కాలము

ఆ నియమము తప్పిననాడు ఏమి జరిగినది? సుమారు 4,200 సంవత్సరముల క్రిందట వర్షముల తీరు మారినది. మేఘాలయలోని ఒక గుహలో బొట్టుబొట్టుగా పెరిగిన సున్నపురాయి పొరలను పరీక్షించి, ఋతుపవనములు ఆ కాలమున బలహీనపడినవని తెలుసుకున్నారు. ఆ గుర్తుతోనే భూచరిత్రలోని ప్రస్తుత యుగమునకు 2018లో ‘మేఘాలయన్’ అని పేరు పెట్టినారు. వరదలు సన్నగిల్లినవి, వచ్చే వేళ తప్పినవి. క్రీ.పూ. 1900 తరువాత మహానగరములు క్రమక్రమముగా ఖాళీ అయినవి.

అంతమాత్రమున ఆ ప్రజలు నశించిపోలేదు. తూర్పున గంగాయమునల ఎగువ మైదానమునకును, దక్షిణమున గుజరాతునకును తరలి, చిన్న చిన్న పల్లెలు కట్టుకున్నారు. వరదపై ఆధారపడిన చలికాలపు పంటలతోపాటు, వానకు పండే చిరుధాన్యములను ఎక్కువగా పండించుకున్నారు. వరద తప్పినదని నదిని తిట్టుకుంటూ కూర్చోలేదు, నీరున్న చోటికి నడచిపోయినారు. ఆ ఇటుకల మేడలు మట్టిలో కలిసినవి గాని గోధుమ, యవ, శనగ, ఆవ, నువ్వు, ప్రత్తి మన చేతికి అందినవి. సంకల్పములో సింధువు పేరు మన నోట నిలిచినది.

మనము గ్రహింపవలసినది

ఇప్పుడు ఆ వృద్ధురాలి ప్రశ్నకు వద్దాము. నది తల్లియైతే ఇంటిని ఏల ముంచినది?

సింధుతీరవాసులు వరదను శాపముగా చూడలేదు. ఏటికొకసారి తన పొలమునకు తాను వచ్చే యజమానురాలిగా చూచి, ఆమె వచ్చే వేళకు దారి విడిచి, ఆమె వెళ్ళిన తరువాత ఆమె వదలిన ప్రసాదమును స్వీకరించినారు. మనము ఆ దారిలో ఇండ్లు కట్టుకున్నాము. వాగు పారే చోటును ప్లాట్లుగా కోసి అమ్ముకున్నాము. ఏటిగర్భమున ఇసుకను తోడి, గట్టున చెత్తను పోసి, పుష్కరమునాడు మాత్రము పసుపుకుంకుమలు ఇచ్చి మ్రొక్కుతున్నాము. భద్రాచలము వద్ద గోదావరి 1986లో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు లేచినది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడలోని అనేక కాలనీలను రోజుల తరబడి నీట నిలిపినది. నీరు తాను ఎరిగిన దారినే వచ్చినది. ఆ దారిని మరచినది మనము.

అయితే ఒక్క మాట. ఏటిగట్టున గుడిసె వేసుకున్న పేదవానిని ఇందుకు నిందించుట పాపము. ఎత్తైన నేల అతనికి ఎవరును చూపలేదు. మొహెంజొదారోలోని ఆ అరుగులను ఏ ఒక్క కుటుంబమో కట్టినది కాదు. వేలమంది చేతులు కలిపి, ముందుగా నేలను ఎత్తు చేసి, పిమ్మట ఇండ్లు కట్టినారు. తోటివానికి మెరక చూపడము ఊరందరి ధర్మము. ఆ వృద్ధురాలు మరల కనబడితే మేము చెప్పదలచిన మాట ఇది: “అమ్మా! తల్లి నీ ఇంటికి రాలేదు. తన త్రోవన తాను వచ్చినది. ఆ త్రోవలో నిన్ను కాపురముంచిన దోషము మా అందరిది.”

సింధునదికిని పన్నెండేండ్లకు ఒకసారి పుష్కరము కలదు. బృహస్పతి కుంభరాశిలో ప్రవేశించిన 2021లో అది వచ్చినది. 2025 మే నెలలో కాళేశ్వరమున, అంతర్వాహినియని మనము నమ్మే సరస్వతికి పుష్కరస్నానములు చేసినాము. గోదావరికి 2015 తరువాతి పుష్కరము 2027లో. అటువంటి పుణ్యదినములలో మునిగి లేచునప్పుడు ఒక సంకల్పము అదనముగా చెప్పుకొందము. మా ఊరి వాగు దారిని వాగుకే వదలుతాము. చెరువులోనికి నీరు వచ్చే కాలువను పూడ్చము, పూడ్చనీయము. కట్టి విడిచిన బట్టలను, ప్లాస్టిక్కు సంచులను నదికి సమర్పింపము. పల్లమున ఉన్నవారికి మెరక దొరికేవరకు ఊరకుండము.

రేపు ఉదయము చెంబుతో నీరు ముంచుకొని ఏడు నదులను పిలిచే వేళ, ఆరవ పేరు దగ్గర ఒక్క క్షణము ఆగండి. ఆ తల్లి ఒడ్డున పల్లమును నదికి విడిచి, మెరకమీద కాపురముండి, ఒండ్రులో గుప్పెడు యవలు చల్లిన ఆ అజ్ఞాత కర్షకునికి కూడ మనస్సులో ఒక నమస్కారము చేయండి.

శుభమ్.